శొంఠి మందు కాదనుకున్నాను

మందు అనే మాటకు శబరి ఏటి ఒడ్డున మా కొంటా వైపు మూడు అర్థాలున్నాయి. రోగం తగ్గడానికి వేసుకునేది మందు. సాయంత్రం సీసాలోంచి తాగేది మందు. మూడోది, గిట్టనివాళ్ళు అన్నంలో కలిపి పెట్టేది, తిన్న మనిషి రోజురోజుకీ ఎండిపోయేది, అదీ మందే. ఈ మూడూ పోయిన వానాకాలంలో ఒకేసారి నా మంచం దగ్గరికి వచ్చాయి. నా ప్రాణం పోబోయి నిలిచింది. మా కోడలి పేరు కూడా పోబోయింది. దాన్ని నిలబెట్టడం నాకు రోగం కంటే కష్టమైంది.

బతికి బయటపడ్డాను కాబట్టి రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చిందే అరవై దాటాక. నేర్పింది కోడలు కమల. చర్ల దగ్గరి పల్లె నుంచి మా ఇంటికి వచ్చిన పిల్ల, పదో తరగతి దాకా చదివింది. "బస్సు మీద పేరు సదవలేకపోతే ఎట్ల మామా?" అని ఒక పలక తెచ్చి నా ముందు పెట్టింది. కాబట్టి నా రాతలో అందం వెతకకండి. ఉన్నది ఉన్నట్టు మొహం మీద చెప్పేవాడినని ఊళ్ళో నాకు పేరుంది. ఆ పేరు ఎంత ఉత్తదో కూడా ఇందులోనే చెప్తాను.

ముందు శొంఠి సంగతి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

మాది అల్లం పండించే ఇల్లు. మా తాత శబరి మీద పడవలో దిగువ నుంచి ఒక గంప విత్తన దుంప తెచ్చి నాటాడు. అల్లానికి గింజ ఉండదు. దుంప విరిచి పాతిపెడితే అదే మళ్ళీ మొలుస్తుంది. అంటే నేను నాటేది మా తాత తెచ్చిన మొక్కే, కొత్తది కాదు. మా ఊరి బడి పంతులు ఒకసారి పుస్తకం చూసి చెప్పాడు: మనిషి నాటకుండా దానంతటది పెరిగే అల్లం ఈ లోకంలో ఎక్కడా దొరకదట. అడవిలో దాని చుట్టాలున్నాయి, అది మాత్రం లేదు. పాతకాలంలో ఓడల వాళ్ళు కుండీల్లో పెంచుకుంటూ సముద్రాల మీద తీసుకుపోయేవారట. "ఎవరో ఒకరు చెయ్యి మార్చుకుంటూ తెచ్చారు తాతా, ఒక్క తరం మరిచిపోయినా పోయేది" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఆ రోజు నుంచి నేనేదో పెద్ద పని చేస్తున్నట్టు నడిచేవాణ్ణి.

చలికాలంలో అల్లం తవ్వి, వెదురు బద్దతో పొట్టు గీకుతాం. ఇనుప కత్తి పెడితే నల్లబడుతుంది. సున్నపు తేటలో ముంచి తీసి, ఎండలో పోస్తే పది పన్నెండు రోజులకు కొమ్ము విరిస్తే టిక్కుమనేలా ఎండుతుంది. అదీ శొంఠి. బాలింతకు మొదటి ముద్దలో శొంఠి. కడుపు ఉబ్బరానికి శొంఠి. తలనొప్పికి సానరాయి మీద అరగదీసి నుదుటి మీద పట్టు. బస్సులో వాంతి చేసుకునేవాళ్ళకు బుగ్గన చిన్న ముక్క. జలుబుకు, దగ్గుకు, మిరియంతో కలిపి కషాయం. ఎర్రబోరు నుంచి కూడా నా కొమ్ముల కోసం కొంటా సంతకు వచ్చేవారు. నేను అమ్మడమే కాదు, ఎంత తినాలో, ఎలా కాచాలో కూడా చెప్పేవాణ్ణి. ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ణి.

ఎండాకాలం, తునికాకు కోతల రోజులు

చేను గట్టు మీద కాలు జారి మోకాలి కింద ఎముక చిట్లింది. కట్టు వేసి నెలన్నర మంచం మీద పడుకోమన్నారు. పడుకున్నాను. నాకు పడుకోవడం చేతకాదు. ఇంట్లో అందరినీ తిట్టాను. కొడుకు సోమయ్యను ఎక్కువ తిట్టాను, కోడలిని తక్కువ. వాడికీ నాకూ మొదటి నుంచీ పడదు. అన్నం నోట్లో పెట్టినంత పని చేసింది కోడలే.

తొలకరి

కట్టు విప్పిన వారానికి పిక్క ఉబ్బింది. రాయి కట్టినట్టు బరువు, చెయ్యి పెడితే పొయ్యి మీది గిన్నెలా వేడి. వాపే కదా అని శొంఠి పట్టు వేశాను. రెండు రోజులకు నడవలేకపోయాను. భద్రాచలంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కాలి లోపల నెత్తురు గడ్డకట్టిందని, అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడని చెప్పారు. నెత్తురు పలచబడడానికి ఒక గోలీ రాశారు. రోజుకు ఒకటి, సాయంత్రం, ఒకే వేళకు. పదిహేను రోజులకోసారి వచ్చి నెత్తురు పరీక్ష చేయించుకోవాలి.

అప్పుడు డాక్టరు అడిగాడు. "పెద్దాయనా, వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"మందు ముట్టి పన్నెండేండ్లయింది సారూ. మా ఇంటామె పోయిన్నాడే ఇడిసిపెట్టిన."

ఆయన నవ్వాడు. కమల పక్కకు తిరిగి నవ్వింది. "అది కాదు. నాటుమందులు, చెట్ల మందులు, పసర్లు?"

"పసర్లు నమ్మే మనిషిని కాదు నేను."

నేను అబద్ధం చెప్పలేదు. మా లెక్కలో నాటుమందు అంటే ఊరి వడ్డె, అంటే మా పూజారి, మంత్రించి ఇచ్చేది, పథ్యం పెట్టి మింగేది. శొంఠి అలాంటిది కాదు. ఉప్పు, చింతపండు లాగా సంతలో కొనుక్కునేది. పక్కనే నిలబడిన కమలకూ అది గుర్తుకు రాలేదు. మా ఇంట్లో శొంఠి వాసన గాలి లాంటిది. గాలి పీలుస్తున్నామని ఎవరూ చెప్పరు కదా.

ముసురు పట్టిన నెల

గోలీల డబ్బా కమల చేతిలో ఉండేది. రోజూ సాయంత్రం ఒకటి ఇచ్చి, గోడ మీది క్యాలెండర్లో ఆ రోజు చుట్టూ సున్నా చుట్టేది. మొదటి పరీక్ష బాగుందన్నారు. వాపు తగ్గింది. రెండో పరీక్షకు పోవాల్సిన రోజుల్లో శబరి పొంగింది. రోడ్డు మీదికి నీళ్ళు వచ్చి బస్సులు బంద్ అయ్యాయి. నీళ్ళు దిగాక కూడా, బాగానే ఉన్నాను కదా అని నేనే పోలేదు. కమల రెండుసార్లు చెప్పింది. "పోదాం మామా, పరీక్ష తప్పొద్దన్నరు." నేను కసిరాను.

ఆ ముసురులో నాకు దగ్గు పట్టింది. కడుపు కూడా ఉబ్బరంగా ఉండేది. కషాయం పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. మధ్యలో బుగ్గన కొమ్ము. అసలు మాట ఇంకొకటుంది. శొంఠి నెత్తురును నడిపిస్తుందని మా తాత అనేవాడు. గడ్డ త్వరగా కరిగితే ఈ గోలీల పీడ వదులుతుందని, రోజూ తినే దానికి మూడింతలు చేశాను. రోజుకు ఒక పిడికెడు దంచేవాణ్ణి. దాచి తాగలేదు. వాకిట్లో కూర్చుని, అందరూ చూస్తుండగా తాగాను.

మొదట పళ్ళపుల్ల ఎర్రగా వచ్చింది. చిగుళ్ళనుకున్నాను. తర్వాత చేతుల మీద, తొడ మీద నేరేడు పండు నలిపినట్టు మచ్చలు. ఎక్కడా దెబ్బ తగల్లేదు. ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చున్నాను, ముక్కులోంచి నెత్తురు పళ్ళెంలో పడింది. తల వెనక్కి వాల్చాను, నీళ్ళు కొట్టుకున్నాను, ఆగలేదు. సోమయ్య జీపు మాట్లాడాడు. దారిలో కమల తన కొంగు నా ముక్కుకు అదిమి పట్టుకుంది. ఆ చీర మళ్ళీ ఆమె కట్టగా చూడలేదు.

ఆసుపత్రి వరండాలో బెంచీలన్నీ నిండిపోయాయి. జ్వరాల కాలం. నా వాలకం చూసి పక్కన ఒకామె, ఒళ్ళో పిల్లతో ఉన్న మనిషి, లేచి చోటిచ్చింది. తన తుండుగుడ్డ కూడా ఇచ్చింది. "వద్దమ్మా, పాడయితది" అన్నాను. "గుడ్డ ఉతికితే పోతది తాతా, నువ్వు పట్టుకో" అంది. ఎవరో ఏమిటో అడగలేదు. నాకు అంతకుముందు భయం లేదు. ఆ గుడ్డ కూడా తడిసిపోయాక భయం వేసింది. చచ్చిపోతానని కాదు. కాళ్ళ కింద చల్లగా అయిపోతోంది, ఎవరి పేరూ గుర్తుకు రావడం లేదు, అదీ భయం.

నెత్తురు మరీ పలచబడిపోయిందని పరీక్షలో తేలింది. సూదులు వేశారు, నెత్తురు ఎక్కించారు. డాక్టరు కమలను అడిగాడు. "రోజుకు ఎన్ని ఇస్తున్నావమ్మా?"

"ఒకటే సార్."

"సరిగ్గా చూసే ఇచ్చావా?"

డాక్టరు అడిగింది అంతే. అలా అడగడం ఆయన పని. కానీ ఆ మాట పట్టుకుని సోమయ్య వరండాలో ఆమె మీద విరుచుకుపడ్డాడు. "ఒకటిస్తే గిట్లెందుకైతది? ఫోను చూసుకుంట రెండేసి ఇచ్చినవా?"

"క్యాలెండర్ మీద రాసిన. ఇంటికి పోయి చూడు."

"సున్నాలు ఎవరైనా సుడతరు."

ఆ డబ్బా ఆమె సంచిలోంచి వాడే తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కిటికీ లోంచి నాకు వినపడుతూనే ఉంది. ముక్కులో, చిగుళ్ళ మీద దూది కుక్కారు, మాట్లాడలేకపోయాను. అప్పటికి అసలు కారణం నాకూ తెలియదు.

ఆసుపత్రిలో రెండో రోజు

మా అక్క ముత్తమ్మ పొద్దున బస్సుకు వచ్చింది. ఆమెది పెద్ద గొంతు. వార్డులో ఎనిమిది మంచాలుంటే ఎనిమిదింటికీ వినపడింది.

"నోట్ల నెత్తురు, దెబ్బ లేకుండ మచ్చలు. ఇది రోగం కాదు తమ్మీ. నీకెవరో మందు పెట్టిన్రు. చేతికందిచ్చేది ఎవరు? ఒక్కతే గద."

కమల నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. అక్క ఆ గ్లాసు లాక్కుంది. "నీళ్ళు నేనిస్తలే, నువ్వు జరుగు."

మా వైపు ఈ మాట ఒకసారి బయటికి వచ్చిందంటే ఆడమనిషి బోరింగు దగ్గర కూడా నిలబడలేదు. ఇలాంటి మాటకే ఊరు వదిలిపోయిన మనుషులు నాకు తెలుసు. కమల "పెద్దమ్మా, నేను ఒకటే ఇచ్చిన" అని మాత్రం అంది. నేను అక్క చేతి నీళ్ళు తాగాను. ఆ గుక్క నాకు ఇప్పటికీ గొంతు దిగలేదు.

మధ్యాహ్నం ముక్కులో దూది మార్చడానికి నర్సు వచ్చింది. చింతూరు వైపు మనిషి, మా మాటే మాట్లాడుతుంది. వంగిన మనిషి ఆగి, వాసన చూసింది.

"ఏంది తాతా, నీ నోరంత ఘాటుగున్నది? బుగ్గల ఏముంది?"

"శొంఠి. ఎప్పుడూ నా రొంటినే ఉంటది."

"ఉమ్మెయ్. ఇక్కడ కూడ నములుతున్నవా? రోజుకెంత తింటవ్?"

"ఎంతేంది, ఒక పిడికెడు. కషాయం కూడ తాగుత."

"పిడికెడా!" ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "సారు అడిగితే మందులేం వాడతలేనన్నవంట గద?"

"అది మందెట్లయితది? శొంఠి గద."

ఆమె దూది గిన్నె పక్కన పెట్టింది. "తాతా, నీ పుణ్యాన నేను గీ పని చేయవట్టిన ఇన్నేండ్లకు ఒకటి నేర్చుకున్న. ఇకనుంచి ఎవర్నీ మందులేం వాడుతున్నరని అడుగ. పొద్దుగాల లేచిన కాడ్నుంచి నోట్ల ఏమేం ఏసుకున్నరని అడుగుత." అని పోయి డాక్టరును పిలుచుకు వచ్చింది.

డాక్టరు కోప్పడలేదు. కూరలో అల్లం వేరు, పిడికెడు శొంఠి వేరన్నాడు. నెత్తురు పలచబడే గోలీ వేసుకునేవాళ్ళకు అంత శొంఠి మంచిది కాదని, రెండూ ఒకే వైపు లాగవచ్చని చెప్పాడు. "ఒక్క దీనివల్లే అని నేను ప్రమాణం చేయలేను. పరీక్ష తప్పించారు, అదీ తప్పే. కానీ ఇది ముందే తెలిస్తే వద్దనేవాణ్ణి. ఇంట్లోవాళ్ళకు మీరే చెప్పండి."

ఆ సమయంలో అక్క భోజనానికి పోయింది, సోమయ్య మందుల షాపుకు పోయాడు, కమల బయట బెంచీ మీద ఉంది. వాళ్ళు తిరిగి వచ్చాక నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో రాయకపోతే ఇదంతా రాయడం దండగ. ఇన్నేళ్ళు సంతలో కూర్చుని అందరికీ శొంఠి తినమని చెప్పినవాణ్ణి. నన్ను పడేసింది నా శొంఠే అని తెలిస్తే రేపు నా మాట వినేదెవరు? నా కొమ్ములు పట్టుకునేదెవరు? అక్క పళ్ళెం ముందు పెట్టుకుని "మందు" అన్న ప్రతిసారీ నాలుక చివరి దాకా వచ్చేది. కళ్ళు మూసుకునేవాణ్ణి. నిద్రపోతున్నాడనుకునేవారు. మూడు రోజులు అలాగే పడుకున్నాను. ఆ మూడు రోజుల్లో కమల వాళ్ళమ్మ దాకా మాట పోయింది. వరండాలో కమల ఫోనులో "ఊఁ, ఊఁ" అంటూ గోడ వైపు తిరిగి నిలబడడం మంచం మీద నుంచి కనపడేది.

ఇప్పటి సంగతి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత మరిచిపోతాను. కాలు బాగైంది. కట్టె లేకుండా నడుస్తున్నాను. చలికాలం దాటాక గోలీ కూడా ఆపేయమన్నారు, డాక్టరు చెప్పాకే ఆపాను. శొంఠి ఇంకా చేస్తున్నాను, సంతకు తీసుకుపోతున్నాను. ఎవరైనా కొంటే ముందు అడుగుతాను, నెత్తురు పలచబడే గోలీ వేసుకుంటున్నావా, గుండెకు ఏమైనా వాడుతున్నావా అని. అవునంటే డాక్టరును అడిగి రమ్మని పంపిస్తాను. కొందరు నవ్వుకుంటూ పక్కవాడి దగ్గర కొనుక్కుంటారు. కొనుక్కోనివ్వండి. మీరు మాత్రం ఒకటి చేయండి. డాక్టరు దగ్గర మీ వంటింటిని కూడా చెప్పండి. కషాయం, పొడి, ముక్క, ఏదైనా. మందు అవునో కాదో తేల్చడం మీ పని కాదు. నేను తేల్చబోయే ఇంత తెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చిన రోజు

జీపు దిగి మంచం మీద కూర్చున్నాను. అక్క వాకిట్లో కూరగాయలు ముందేసుకుంది. సోమయ్య డాక్టరు రాసిచ్చిన మందుల పర్చీ చూస్తున్నాడు. కమల లోపలి నుంచి సంచితో వచ్చింది. రెండు చీరలు, ఒక దువ్వెన పైకి కనపడుతున్నాయి.

"ఏడికి?" అన్నాను.

"అమ్మ రమ్మంటున్నది మామా. రేప్పొద్దున బస్సుకు పోత."

సోమయ్య తల ఎత్తలేదు. అక్క "పోనియ్యి, కొన్ని రోజులుండి వస్తది" అంది. కొన్ని రోజులని అక్క నోటితో అంది కానీ, అలా పోయిన మనిషిని ఊరు మళ్ళీ రానివ్వదని అక్కకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఎవ్వలు మందు పెట్టలే" అన్నాను. "నాకు నేనే పెట్టుకున్న. శొంఠి."

అక్క నవ్వింది. "శొంఠి ఏం జేస్తదిరా? మన తాత కాన్నుంచి తింటున్నం."

"తాత ఈ గోలీలు మింగలే అక్కా. గోలీ మీద శొంఠి పడదట. పిడికెడు పిడికెడు తిన్న. పరీక్షకు పొమ్మంటే పోలే. పిల్ల ఇచ్చింది ఒకటే. డాక్టరు చెప్పిండు, సిస్టరమ్మ చెప్పింది."

"ఎప్పుడు చెప్పిన్రు?" సోమయ్య అడిగాడు.

"రెండో రోజు."

వాడు పర్చీ మడిచాడు, విప్పాడు. కొడుకు నన్ను తిడితే బాగుండుననిపించింది. నేను వాణ్ణి తిట్టినన్ని తిట్లలో సగం తిట్టినా చాలు. వాడు తిట్టలేదు. లేచి జేబులోంచి డబ్బా తీసి కమల పక్కన గట్టు మీద పెట్టి దొడ్లోకి పోయాడు. వాడికి అంతకంటే చేతకాదు. నా కొడుకే కదా.

కమల డబ్బా వైపు చూడలేదు. "రెండో రోజా మామా? అప్పట్నుంచి నేను బయట బెంచి మీద కూసున్న. లోపలికి రానియ్యలే నన్ను."

"తప్పు నాదే."

"నాతోటెందుకు చెప్తున్నవ్? నేను ఒకటే ఇచ్చినని నాకు ముందే తెలుసు." గొంతు పెంచలేదు. "మా అమ్మతోటి చెప్పు. ఆమెకు మా ఊళ్ళ అందరు ఫోన్లు చేసి అడుగుతున్నరు, నీ బిడ్డ ఏం పెట్టిందట అని."

ఫోను కలిపి నా చేతికిచ్చి బయటికి పోయింది.

"చెల్లెమ్మా, నేను, కమల మామను" అన్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక చివరి నుంచి చెప్పాను. నీ బిడ్డ చేతిలో తప్పు లేదన్నాను. శొంఠి తిన్నది నేనన్నాను. తెలిసీ మూడు రోజులు నోరు మూసుకున్నది కూడా నేనే అన్నాను. మా అక్క పక్కనే ఉంది, ఆమెకు వినపడేలానే చెప్పాను. అక్క చేతిలో వంకాయ కత్తిపీట మీద అలాగే ఉండిపోయింది. మీ ఊళ్ళో ఎవరు అడిగినా నా నంబరు ఇయ్యి, నేనే చెప్తానన్నాను. చెప్పడం అయిపోయింది.

అప్పుడు ఆమె మాట్లాడింది. తిడుతుందనుకున్నాను.

"అది అన్నం తింటున్నదా అన్నయ్యా?"

నాకు తెలియదు. ఆసుపత్రిలో నేనెన్ని ముద్దలు మింగానో, ఎప్పుడు మింగానో అన్నీ తెలుసు. ఆమె ఎప్పుడు తిన్నదో ఒక్క రోజు కూడా చూడలేదు.

"ఉండు చెల్లెమ్మా" అన్నాను. ఫోను అలాగే పట్టుకుని, గోడ ఆసరాతో లేచి, వంటింట్లోకి పోయి, ఆమెకు అన్నం ఉందో లేదో గిన్నె మూత తీసి చూశాను.